మిషను మొరాయిస్తే మెమో ఎవరికి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరైన తర్వాత నేను నేర్చుకున్నది" అనే విషయం మీద తలా ఇరవై నిమిషాలు మాట్లాడాలని కార్యవర్గం నిర్ణయించింది. నా కంటే ముందు మాట్లాడిన మిత్రులు యోగాసనాల గురించీ, గీతా పారాయణ గురించీ, మేడ మీద కూరగాయల పెంపకం గురించీ చక్కగా చెప్పారు. నేను చెప్పబోయేది అల్ట్రాసోనిక్ వెల్డింగ్ మిషను గురించి. ముఖ్యంగా దానికి తగిన కరెంటు తయారుచేసి ఇచ్చే పవర్ సప్లై పెట్టె గురించి. పేరు వినగానే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు కాఫీకి లేచినట్టు కనిపిస్తోంది. దయచేసి కూర్చోండి. ఉద్యోగమంతా ఇన్వార్డు, అవుట్‌వార్డు రాసుకుంటూ గడిపిన గుమస్తాకు అర్థమైన విషయం మీకు అర్థం కాకపోదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ మిషను మూలంగా నేనొక ఆడపిల్లకు అన్యాయంగా మెమో రాశాను. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవాలనే ముఖ్యంగా ఈ విషయం ఎంచుకున్నాను.

మా రెండో అల్లుడు జీడిమెట్లలో షెడ్డు అద్దెకు తీసుకుని చిన్న ప్లాస్టిక్ యూనిట్ నడుపుతున్నాడు. సెల్‌ఫోను చార్జర్ల పై డబ్బాలు తయారుచేసి, లోపలి సరంజామా పెట్టి, మూత అతికించి ఇస్తారు. "రిజిస్టర్లూ లెక్కలూ మీరు చూసి పెట్టండి మామయ్యగారూ" అని అడిగితే, ఇంట్లో పేపరు తిరగేస్తూ కూర్చునే కంటే నయమని వారానికి నాలుగు రోజులు వెళ్ళడం మొదలుపెట్టాను.

మీరు ఇంటికి వెళ్ళాక మీ చార్జరు చేతిలోకి తీసుకుని చూడండి. చాలా వాటికి మరలు ఉండవు. గమ్ము పూసిన జాడ ఉండదు. రెండు ముక్కలు కలిసిన చోట సన్నని గీత మాత్రం కనిపిస్తుంది. ఆ అతుకు అల్ట్రాసోనిక్ పద్ధతిలో వేసినదే అయి ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా కట్టుకున్న మూడు పొరల మాస్కులకు చెవి దారాలు అతికించిందీ ఈ పద్ధతిలోనే. చార్జరు లోపల 230 వోల్టుల కరెంటు ఉంటుంది. అతుకు బలహీనమై డబ్బా విడిపోతే, పిన్నులు ప్లగ్గులోనే ఉండిపోయి మూత చేతికి వస్తుంది. ఇంట్లో మనవలు ఉన్నవారికి దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. కనుక ఈ మిషను సరిగా పనిచేయడం మా అల్లుడి లాభనష్టాలతో తేలిపోయే వ్యవహారం కాదు.

ఇక మిషను సంగతి.

గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది, అంటే 50 సైకిళ్ళు. పవర్ సప్లై పెట్టె దాన్ని మొదట డీసీగా మారుస్తుంది. 230 వోల్టుల ఏసీని అలా మారిస్తే సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. తర్వాత ఎలక్ట్రానిక్ స్విచ్చులు దాన్ని సెకనుకు 20 వేల సార్లు తెరిచి మూసి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజి పెంచి, మందమైన కేబులులో బయటకు పంపుతాయి. మా మిషను 20 వేలది. 15 వేలు, 35 వేలు, 40 వేలు సైకిళ్ళవి కూడా ఉన్నాయి.

ఆ కేబులు వెళ్ళి కన్వర్టర్‌కు తగులుతుంది. కన్వర్టర్‌లో పింగాణీ లాంటి బిళ్ళలు ఉంటాయి. కరెంటు ఇస్తే అవి సాగి ముడుచుకుంటాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఇది దానికి తిరుగు ప్రయోగం. కన్వర్టర్ కొన కదిలేది సుమారు 20 మైక్రాన్లు. మన ఆఫీసు తెల్లకాగితం మందం 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే కాగితం మందంలో ఐదో వంతు కదలిక. దాన్ని బూస్టర్ అనే లోహపు ముక్క ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెంచుతుంది. చివర ఉండే హారన్ మరికొంత పెంచి ప్లాస్టిక్ మీద ఆనుతుంది. హారన్ అంటే బస్సు హారన్ అనుకునేరు. ఇది జానెడు కన్నా పొట్టిగా ఉండే లోహపు దిమ్మ. కన్వర్టర్, బూస్టర్, హారన్, ఈ మూడూ కలిసినదాన్ని స్టాక్ అంటారు.

డబ్బా అంచున ప్లాస్టిక్‌తోనే సన్నని గట్టు పోసి ఉంటుంది. హారన్ వచ్చి మూతను నొక్కి అదిరించగానే ఆ గట్టు కరుగుతుంది. అదురు ఆగిన తర్వాత కూడా కాస్సేపు నొక్కి ఉంచితే కరిగింది గట్టిపడి రెండూ ఒకటవుతాయి. అంతా కలిపి సెకను, సెకనున్నర పని. గట్టి ప్లాస్టిక్ వస్తువులను ఇలా అతికించే పద్ధతికి అమెరికాలో సోలాఫ్, లిన్స్‌లీ అనే ఇద్దరికి 1965లో పేటెంటు వచ్చింది.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. అట్లతద్దికి చెట్టుకు ఉయ్యాల వేసి పిల్లల్ని ఊపిన అనుభవం మీ అందరికీ ఉంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో వేలితో తోసినా పైకి పోతుంది. ఎదురొస్తున్నప్పుడు తోస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, ఉయ్యాలా ఆగిపోతుంది. స్టాక్‌కు కూడా తనదైన ఊపు ఒకటి ఉంటుంది. పవర్ సప్లై సరిగ్గా ఆ ఊపుకు తగినట్టు తోయాలి. పాత మిషన్లలో ఇందుకు ట్యూనింగ్ మర ఉండేది. హారన్ దేనికీ తగలకుండా గాలిలో ఉంచి, టెస్టు బటన్ నొక్కి, లోడు ముల్లు అతి తక్కువ చూపించే చోటికి మర తిప్పేవారు. కొత్తవి ఆ పని తామే చేసుకుంటాయి. అయితే ఏదైనా కొంత హద్దు లోపలే. స్టాక్ ఊపు ఆ హద్దు దాటితే పెట్టె చేతులెత్తేసి ఎర్రదీపం వెలిగిస్తుంది. దాన్నే ఓవర్‌లోడు ట్రిప్ అంటారు.

ఇక్కడ కొత్తవాళ్ళు ఒక పొరపాటు పడతారు. రెండు వేల వాట్ల పెట్టె అంటే ఎప్పుడూ రెండు వేల వాట్లు కుమ్మరిస్తుందని అనుకుంటారు. అలా కాదు. అది హారన్ కదలిక తగ్గకుండా చూస్తుంది. అందుకు ఎంత పవరు కావలసి వస్తే అంతే ఇస్తుంది. గాలిలో ఆడుతున్న హారన్‌కు కావలసింది చాలా కొద్ది. ప్లాస్టిక్‌ను నొక్కిన కొద్దీ లోడు పెరుగుతుంది. ఇవ్వగలిగిన దాని కంటే ఎక్కువ అడిగితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అంటే ట్రిప్ పడటం మనిషికి జ్వరం రావడం లాంటిది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేసుకున్నట్టే, కారణం వెతకకుండా రీసెట్ బటన్ నొక్కడం కూడా.

మేము ఆ పనే చేశాము.

2022 ఏప్రిల్‌లో మా మిషను ట్రిప్పులు మొదలుపెట్టింది. మొదట్లో రోజుకు రెండు మూడు. వారం తిరిగేసరికి ఇరవై. ఉదయం ఎనిమిది నుంచి రెండు వరకు ఒక కుర్రవాడు, రెండున్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు ఒక అమ్మాయి పనిచేసేవారు. ట్రిప్పులన్నీ దాదాపు అమ్మాయి వంతులోనే. డబ్బాలు పాడై చెత్తబుట్ట నిండుతోంది. సరుకు వెనక్కి వస్తే ఆర్డరు పోతుందని మా అల్లుడు బెంగపెట్టుకున్నాడు. గాలి ఒత్తిడి ఎక్కువ పెడుతోందనీ, డబ్బా సరిగా కూర్చోబెట్టకుండా బటన్లు నొక్కుతోందనీ మేమే తీర్మానించుకున్నాము. "మామయ్యగారూ, కాగితం మీద పెట్టండి" అన్నాడు. కాగితం మీద పెట్టడం నాకు చేతనైన విద్య. "మీ నిర్లక్ష్యము వలన కలిగిన నష్టమును మీ జీతమునుండి ఏల మినహాయించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలసినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను.

ఆ అమ్మాయి పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. కాగితం తీసుకుని సంతకం పెట్టింది. "మిషిన్ గొంతు మారింది తాతా, సన్నగ గీపెడుతున్నది. మీకు ఇనొస్తలేదా?" అంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. టెస్టు బటన్ నొక్కి చూపించింది. నాకేమీ వినపడలేదు. యాభై దాటిన మా అల్లుడికీ వినపడలేదు. సాకులు చెబుతోందని అనుకున్నాము.

మిత్రులారా, ఆనాడు నాకు తోచని విషయం ఒకటుంది. పడుచు చెవికి సెకనుకు 20 వేల సైకిళ్ళ దాకా శబ్దం అందుతుంది. వయసుతో ఆ పైమెట్లు ఒక్కొక్కటే రాలిపోతాయి. డెబ్బై దాటిన మనలో చాలామందికి ఎనిమిది, పది వేలు దాటిన శబ్దం ఉన్నా లేనట్టే. మిషను అసలు కంపనం ఎవరికైనా వినపడీ వినపడని అంచున ఉంటుంది. కానీ స్టాక్‌లో ఏదైనా వదులైనా, చీలినా ఇంకొంచెం కింది స్థాయి కీచు కూడా పుడుతుంది. అది ఆ పిల్లకు వినపడింది, మాకు వినపడలేదు. వినపడనిది లేదని తీర్పు చెప్పేశాము.

ఈలోగా ఒక ఏజెంటు వచ్చి చూసి, పవర్ సప్లై పాతబడింది, మార్చెయ్యమన్నాడు. ధర మూడు లక్షల పైచిలుకు. మా అల్లుడి మొహం చూడలేక నా ఫిక్సెడ్ డిపాజిట్ తీసి ఇద్దామా అని కూడా అనుకున్నాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మిగిలింది అదే. మా ఆవిడ మాత్రం "ఇంత డబ్బు పెట్టే ముందు పదిరోజులు ఆగి చూడకూడదా?" అంది.

ఆ పదిరోజులు నేను ఒక రిజిస్టరు పెట్టాను. తేదీ, సమయం, మిషను మీద ఎవరు, గాలి ఒత్తిడి ఎంత, వెల్డ్ సమయం ఎంత, గంటకోసారి టెస్టు బటన్ నొక్కినప్పుడు గాలిలో లోడు ఎంత శాతం, ట్రిప్ ఏ దశలో పడింది, చివర రిమార్కులు. వాళ్ళిద్దరినీ ఐదో రోజు నుంచి వంతులు మార్చుకోమన్నాను.

పది రోజుల తర్వాత కాగితం మీద విషయం తేటతెల్లమైంది. వంతులు మారాక ట్రిప్పులు కుర్రవాడి పద్దులో పడ్డాయి. అవి మనిషిని అనుసరించి పోలేదు, గడియారాన్ని అనుసరించి పోయాయి. ఉదయం గాలిలో లోడు 9 శాతం. పన్నెండింటికి 14. సాయంత్రం ఐదింటికి 22. భోజన విరామం తర్వాత ఒక అరగంట మిషను బుద్ధిగా ఉండేది. అంటే వేడెక్కే కొద్దీ రోగం ముదురుతోంది. గాలి ఒత్తిడి, వెల్డ్ సమయం అంకెలు రెండు వంతుల్లోనూ ఒకటే.

పక్క షెడ్డులో అటువంటి మిషన్ల మీద చాలాకాలం పనిచేసిన ఫిట్టరు ఒకాయన ఉన్నాడు. రిజిస్టరు చూపించగానే, "పెట్టెను అనుమానించే ముందు స్టాక్ చూడాలండీ" అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న క్రమం మీకు చెబుతాను. మీ పిల్లలకో, తెలిసినవారికో ఇటువంటి యూనిట్ ఉంటే పనికొస్తుంది.

మొట్టమొదట ప్రాణభయం ఉన్న సంగతులు. పెట్టె మూత మనం తీయకూడదు. స్విచ్చి కట్టేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. అది శిక్షణ పొందిన మనిషి పని. మిషను ఆన్‌లో ఉండగా కన్వర్టర్ కేబులు పీకకూడదు, కేబులు లేకుండా నడపకూడదు. అందులో ఉండేది చిన్నాచితకా వోల్టేజి కాదు. ఎర్తు తప్పనిసరి. ఆడుతున్న హారన్‌ను వేలితో తాకి చూడకూడదు, చర్మం కాలుతుంది. రెండు చేతులతో నొక్కవలసిన రెండు బటన్లలో ఒకదానికి రబ్బరు బ్యాండు చుట్టి ఒంటిచేత్తో పని కానిచ్చేవాళ్ళు ఉంటారు. రెండో చెయ్యి హారన్ కింద పడకూడదనే ఆ రెండు బటన్లు పెట్టారు. శబ్దం వినపడకపోయినా చెవులకు రక్షణ పెట్టుకోవాలి.

తర్వాత, ట్రిప్ ఎప్పుడు పడుతోందో చూడాలి.

గాలిలో టెస్టు చేసినప్పుడే పడితే, డబ్బాకూ ఒత్తిడికీ సంబంధం లేదు. హారన్ పక్కన ఏదైనా లోహానికి తగులుతోందా, స్టాక్ మరలు వదులయ్యాయా, ముక్కలు కలిసే ముఖాల మీద మచ్చలూ మసీ ఉన్నాయా, హారన్ చీలిందా, కేబులు నలిగిందా, ఈ వరుసలో చూడాలి. విప్పిన ముఖాలను శుభ్రంగా తుడిచి, తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువుకే, టార్క్ రెంచితో బిగించాలి. కొందరు మధ్యలో సన్నని ప్లాస్టిక్ వాషరు వేయమంటారు, కొందరు పూత పూసినట్టు గ్రీజు రాయమంటారు. పుస్తకంలో ఏది ఉంటే అదే చేయాలి. రెండూ కలిపి చేయకూడదు.

గాలిలో బాగానే ఉండి, డబ్బాను నొక్కినప్పుడు పడితే, అప్పుడు ఒత్తిడి ఎక్కువైందేమో, బూస్టర్ అవసరానికి మించినది వేశారేమో, హారన్ డబ్బా దాటి కింది దిమ్మకు తగులుతోందేమో చూడాలి. హారన్ బాగా నొక్కేసిన తర్వాత అదురు మొదలైతే, బరువెత్తుకుని పరుగు మొదలుపెట్టినట్టు కదల్లేక ఆగిపోతుంది. దానికి ట్రిగ్గరు ముందుకు జరపాలి. వేసవిలో లైను వోల్టేజి పడిపోతుంది. అదే లైను మీద కంప్రెసరు ఉంటే అది లేచినప్పుడల్లా మరికాస్త పడుతుంది. దాన్నీ మీటరు పెట్టి చూడాలి.

వేడెక్కిన తర్వాతే పడితే, వదులైన కీలు, చీలిన హారన్, దుమ్ము పట్టిన ఫ్యాను జల్లెడ, కన్వర్టర్‌కు చల్లగాలి అందకపోవడం, వీటిలో ఒకటి. లోహం వేడెక్కితే దాని ఊపు నెమ్మదిస్తుంది. చీలిక ఉంటే ఆ రెండు ముఖాలూ రాసుకుని ఇంకా వేడి పుట్టి, మరీ నెమ్మదిస్తుంది. చివరికి పెట్టె హద్దు దాటిపోతుంది.

అసలు ట్రిప్పే పడకుండా అతుకు మాత్రం బలహీనంగా ఉంటే, చాలాసార్లు తప్పు మిషనుది కాదు. డబ్బా పోసేటప్పుడు అచ్చుకు కొట్టిన నూనె అంచున మిగిలిందా, తుక్కు ప్లాస్టిక్ ఎక్కువ కలిపారా, గట్టు సరిగా పోశారా చూడాలి. నైలాన్ అయితే వానాకాలంలో తేమ పీల్చుకుంటుంది. అప్పుడు అతుకు బుడగలు బుడగలుగా వస్తుంది.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చింది రాయాలి. మంచిదని తెలిసిన హారన్ పెట్టి చూడు. రోగం పోతే పాత హారన్‌దే తప్పు. పోకపోతే బూస్టర్, తర్వాత కన్వర్టర్, తర్వాత కేబులు. ఇవన్నీ మంచివని తేలి కూడా రోగం అక్కడే ఉంటేనే పెట్టె వంతు. కన్వర్టర్ మీద అనుమానం ఉంటే ముందు మీటరుతో షార్టు చూడకుండా దాన్ని మంచి పెట్టెకు తగిలించకూడదు. లోపల షార్టైన కన్వర్టర్ మంచి పెట్టెను కూడా చంపుతుంది. మన ఆఫీసుల్లో ఒక మనిషిని సెక్షన్ మార్చినప్పుడు ఫిర్యాదులు ఆయన వెంట వెళ్ళాయా, పాత సెక్షన్‌లోనే ఉండిపోయాయా అని చూసేవాళ్ళం కదా! అదే పద్ధతి. ఒకేరోజు పదిమందిని మారిస్తే ఫిర్యాదు ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఫిట్టరు తన దగ్గర ఉన్న అదే ఊపు హారన్ ఒకటి తెచ్చి బిగించాడు. గాలిలో లోడు 8 శాతం. రెండు గంటలు ఖాళీ డబ్బాల మీద వదలకుండా నడిపాడు. 8 శాతమే. ఒక్క ట్రిప్ లేదు. మూడు లక్షల పెట్టె నిర్దోషి అని తేలిపోయింది.

తర్వాత మా హారన్‌ను శుభ్రంగా తుడిచి, ఎర్రటి రంగు ద్రావకం పూసి, కాసేపాగి తుడిచి, పైన తెల్లపొడి చల్లాడు. చీలిక ఉంటే లోపల ఇంకిన రంగు పొడి మీదికి ఊరుతుంది. నడిమి భాగంలో వెంట్రుకలాంటి ఎర్రగీత మెల్లగా పైకి తేలింది. ఆ గీత ఎక్కడ మొదలైందో చూడమని నా చేతికి ఇచ్చాడు.

నా కాళ్ళు వణికాయి. ఆ గీత మొదలైంది ఒక అంకె దగ్గర. పంచితో కొట్టిన 7 అంకె.

ఆ అంకె కొట్టించింది నేను. 2021లో యూనిట్‌కు డెడ్‌స్టాక్ రిజిస్టరు తెరిచినప్పుడు, స్టూలు నుంచి ఫ్యాను దాకా అన్నిటికీ నంబర్లు వేయించాను. హారన్ మీద రంగుతో వేస్తే చెరిగిపోతుందని, అందరికీ కనిపించేలా సరిగ్గా నడుమ, అంకెల పంచీలు పెట్టి సుత్తితో కొట్టించాను. "వస్తువు మీద నంబరు, నంబరుకు పద్దు" అని గర్వంగా కూడా చెప్పుకున్నాను.

హారన్ రెండు కొసలూ కదులుతాయి, నడుము కదలదు. కదలని చోటే కదా అని మనం అనుకుంటాము. కానీ రెండు వైపుల లాగుడంతా పడేది ఆ నడుము మీదనే. అక్కడ చిన్న గీత పడినా లాగుడు ఆ గీత కొసన పోగుపడుతుంది. లెక్క వేయండి. ఒక అతుకుకు అరసెకను అదిరితే 10 వేల కంపనాలు. రోజుకు 3 వేల డబ్బాలు అంటే మూడు కోట్ల కంపనాలు. అల్యూమినియం దిమ్మ నా ఏడో అంకెను రోజుకు మూడు కోట్ల సార్లు చొప్పున నెలల తరబడి భరించింది. అది విరక్కుండా అన్నాళ్ళు ఉండటమే ఆశ్చర్యం.

మిత్రులారా, మెమో రావలసింది నాకు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయిని పిలిచి, మా అల్లుడి ఎదుట, కుర్రవాడి ఎదుట హారన్ చూపించి విషయం చెప్పాను. "తల్లీ, నువ్వు చెప్పింది నిజం. నా చెవికి అందలేదు. అందలేదని ఒప్పుకోవాల్సింది పోయి నీ మీద కాగితం రాశాను. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కాగితం ఉంటే రేపు ఇంకోచోట పనికి పోతే అడుగుతరు తాతా" అంది. పౌరుషం కోసమో, సానుభూతి కోసమో అన్న మాట కాదది. ఇన్నేళ్ళు కాగితాలతో బతికిన నాకు ఆ కాగితం ఆమె మెడకు ఎలా చుట్టుకుంటుందో ఆమె చెబితే గాని తట్టలేదు. అప్పటికప్పుడు "సదరు మెమో పొరపాటున జారీ అయినందున పూర్తిగా ఉపసంహరించడమైనది. ఆపరేటరు ముందుగానే లోపమును గుర్తించి తెలియజేసినారు" అని రాసి, మా అల్లుడి సంతకం పెట్టించి ఒక ప్రతి ఆమెకు ఇచ్చాను. మినహాయించిన నాలుగు రోజుల జీతం ఆ నెలలోనే ఇప్పించాను.

కొత్త హారన్‌కు అయిన ఖర్చు పెట్టె ధరలో పదో వంతు కూడా కాలేదు. నా డిపాజిట్ బ్యాంకులోనే ఉంది. హారన్ నంబరు ఇప్పుడు దాన్ని దాచే చెక్కపెట్టె మీద రాసి ఉంటుంది. హారన్ ఒంటి మీద గీత కూడా పడనివ్వము. మిషను రిజిస్టరు రాసే పని ఆ అమ్మాయికి అప్పగించాము. రిమార్కుల గడి పక్కన కొత్తగా ఒక గడి గీయించాను. దాని పేరు "శబ్దం". ఆ గడి నేను నింపను, చిన్నవాళ్ళే నింపుతారు. తర్వాత ఏడాది ఒకసారి ఆ గడిలో "కొంచెం మారింది" అని రాసింది. విప్పి చూస్తే బూస్టరు మర వదులైంది. ట్రిప్ పడకముందే బిగించారు.

ఈ నాలుగేళ్ళూ నేను నేర్చుకున్నది ఇదీ. పవర్ సప్లై ఎర్రదీపం వెలిగించినప్పుడు అది ఫిర్యాదు చేస్తోంది. ఫిర్యాదుదారుణ్ణే ముద్దాయిని చేసి పెట్టె మార్చేయడం ఒక తప్పు. ఎదురుగా ఉన్న మనిషిని ముద్దాయిని చేయడం అంతకన్నా పెద్ద తప్పు. వరుసగా చూడాలి, ఒక్కొక్కటే మార్చాలి, రాసి పెట్టాలి. రోజంతా మిషను దగ్గర నిలబడే మనిషి ఏం చెబుతున్నారో వినాలి. మనకు వినపడకపోతే, వినపడేవారిని అడగాలి.

మన ఇళ్ళలో కూడా కోడలో, మనవడో "తాతయ్యా, ఏదో వాసన వస్తోంది, ఏదో చప్పుడవుతోంది" అంటే "నాకేం రావడం లేదే" అని కొట్టిపారేయకుండా లేచి గ్యాసు దగ్గరికో, మోటారు దగ్గరికో ఒకసారి వెళ్ళి చూద్దాం. అందులో మన పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు.